తీరికగా వ్రాసిన తిట్టు

మన రాజకీయ సంప్రదాయమునందు ‘నోరు జారినది’ అను మాట చిరకాలముగా ఒక క్షమాపణ పత్రమువలె చెల్లుబడి యగుచు వచ్చినది. మండుటెండలో, దుమ్ము లేచు మైదానమున వేదిక మీద నిలిచి, ఎదుట వేలకొలది జనులు ఈలలు వేయుచుండగా గంటన్నరసేపు మాటాడి గొంతు బొంగురుపోయిన నాయకుడు, ప్రత్యర్థిని గూర్చి అనకూడని మాట యొకటి అనినచో, మరునాడు పత్రికలవారు నిలదీసినప్పుడు ‘ఆవేశములో నోరు జారినది’ అనెడివాడు. విన్నవారును ‘మనిషే కదా’ అని సరిపెట్టుకొనెడివారు. మాట గాలిలో పుట్టి గాలిలోనే కలసిపోవుటచే ఆ సంజాయిషీకి అంతో యింతో అర్థముండెడిది. నేడు నాయకుల పేర సామాజిక మాధ్యమములందు వెలువడు దుర్భాషకు ఈ సంజాయిషీ ఎంతమాత్రమును అతుకదు. దానిని ఒకరు వ్రాసెదరు. వేరొకరు దానికి తగిన ఫోటో వెదకి జతచేసెదరు. ఇంకొకరు వెనుక ఒక సినిమా డైలాగునో పాట ముక్కనో అతికించెదరు. పెద్దవాడెవడో ఒకసారి చూచి తలయూపిన పిమ్మట, ఏ వేళ పెట్టిన ఎక్కువమంది చూతురో లెక్కవేసి ఆ వేళకు వదలెదరు. ఇందులో జారినది ఏదియు లేదు. చల్లని గదిలో, తీరికగా కూర్చుండి, చేతులారా చేసిన పని ఇది.

ఈ భేదమును ఈ వ్యాసమునందు మరల మరల ఎత్తుకొందును. పాఠకులు విసుగుకొనక చిత్తగింప వేడుచున్నాను.

2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల కోలాహలము ఆరంభమైన దినములలో, హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ స్థానమునకు నటి కంగనా రనౌత్‌ను భారతీయ జనతా పార్టీ తన అభ్యర్థినిగా ప్రకటించెను. ఆ వెంటనే కాంగ్రెస్ పార్టీ అధికార ప్రతినిధి సుప్రియా శ్రీనతే ఇన్‌స్టాగ్రామ్ ఖాతానుండి ఆ అభ్యర్థినిని గూర్చి మిక్కిలి హేయమైన వ్యాఖ్య యొకటి వెలువడినది. గగ్గోలు పుట్టగానే అది తొలగింపబడినది. తన ఖాతాలను తెరువగల వారు పలువురు కలరనియు, వారిలో ఎవరో దానిని పెట్టిరనియు, ఏ స్త్రీని గూర్చియు తాను అట్టి మాట అననని తన్నెరిగినవారికి తెలియుననియు ఆమె చెప్పుకొనిరి. ఇక్కడ గమనింపదగిన విశేషమేమనగా, ఆ పార్టీ సామాజిక మాధ్యమ విభాగమునకు అధిపతి ఆమెయే. సరిగా ఆ దినములలోనే పశ్చిమ బెంగాలునందు భాజపా నాయకుడు దిలీప్ ఘోష్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ పుట్టుకను ఆక్షేపించు మాట నోటితోనే అనెను. ఆ వీడియో దేశమెల్ల తిరిగినది. ఎన్నికల సంఘము ఇరువురకును నోటీసులిచ్చి, ఏప్రిల్ 1వ తేదీన ఇరువురను ఒకే త్రాట గట్టి మందలించినది. సంఘము దృష్టిలో రెండు నేరములును సమానమే కావచ్చును. నాకు మాత్రము వాని నడుమ ఒక అంతరము కనిపించుచున్నది: నోటితో అనినవాడు ‘నేను కాదు’ అనజాలడు, ఖాతానుండి అనినవారు అనగలరు. ఎవడు తిట్టెనో తెలియని తిట్టు మన రాజకీయములకు క్రొత్తగా సంప్రాప్తమైన సౌకర్యము.

ఆ సౌకర్యము ఎట్లు తయారగునో కొంత తెలిసికొను అవకాశము నాకు కలిగినది. మా బంధువుల పిల్లవాడొకడు ఇంజనీరింగు ముగించి ఉద్యోగము కొరకు వేచియున్న కాలమున, ఎన్నికల ముందు ఆరు మాసములు ఒక పార్టీవారి సామాజిక మాధ్యమ విభాగములో పనిచేసెను. ఏ పార్టీయో చెప్పను; ఏది యైనను కథ మారదు. అద్దెకు తీసికొన్న ఒక అపార్టుమెంటులో ఇరువదిమంది కుర్రవాండ్రు, రెండు షిఫ్టులు, గోడ మీద పెద్ద టీవీ, ప్రత్యర్థి ఎక్కడ తడబడినను ఆ తునకను కత్తిరించుటకు సిద్ధముగా కంప్యూటర్లు. వాడు మొదట ప్రభుత్వ పద్దుల మీద, పాఠశాలల మీద, నీటి పథకముల మీద అంకెలతో పోస్టులు వ్రాసెడివాడట. ‘పెదనాన్నా, పద్ధతిగా రాస్తే ఎవడూ చూడడు. మనవాళ్ళే షేర్ చెయ్యరు. అదే వాడు వీడు అని ఒక పేరు పెట్టి తిడితే గంటలో లక్ష వ్యూస్’ అని వాడు నాతో చెప్పినప్పుడు, వాని ముఖమున సిగ్గు గాని గర్వము గాని కనబడలేదు. కూరగాయల ధర చెప్పినట్లు చెప్పినాడు. ఆ నాయకునికి మీరేమి వ్రాయుచున్నారో తెలియునా అని అడిగితిని. ‘తెలియకేం? బాగుంటే ఫోన్ చేసి మెచ్చుకుంటాడు. గొడవైతే మా అడ్మిన్‌ని తీసేస్తాడు’ అనెను.

ఆ కుర్రవాడు తన అనుభవముచే గ్రహించిన దానిని పరిశోధకులు లెక్కలతో నిరూపించినారు. 2017లో అమెరికాలో ఐదున్నర లక్షలకు పైగా ట్వీట్లను పరిశీలించిన యొక అధ్యయనమున, నీతి, ఆవేశము కలగలసిన పదము ఒక్కొక్కటి చేరినకొలది ఆ ట్వీటు వ్యాప్తి సుమారు 20 శాతము పెరుగునని తేలినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి: ఆ వ్యాప్తి యంతయు ప్రధానముగా స్వపక్షమువారి మధ్యనే. అనగా నాయకుడు ప్రత్యర్థిని తిట్టునది ప్రత్యర్థి వినుటకు కాదు. తనవారు విని చప్పట్లు చరచుటకు. అమెరికా కాంగ్రెస్ సభ్యులు 2009 మొదలు 2019 వరకు వ్రాసిన 13 లక్షల ట్వీట్లను పరిశీలించిన వేరొక అధ్యయనమున, ఆ దశాబ్దములో అమర్యాద 23 శాతము పెరిగినట్లును, మర్యాద తప్పిన ట్వీట్లకే ఎక్కువ మెప్పు లభించుచుండినట్లును వెల్లడియైనది. ఇది మానవస్వభావమే యని సరిపెట్టుకొందమన్నను, ఆ స్వభావమునకు ఎరువు వేసిన చేతులు కూడ కలవు. 2017 నుండి కొంతకాలము ఫేస్‌బుక్ తన గణితమునందు ఒక ‘లైకు’కు ఒక మార్కు వేసి, కోపముతో ఎఱ్ఱబారిన ముఖపు బొమ్మకు ఐదు మార్కులు వేసెననియు, 2020లో గాని దానిని సున్నకు దింపలేదనియు, 2021లో బయటపడిన ఆ సంస్థ అంతర్గత పత్రముల వలన తెలియవచ్చినది. నచ్చినదానికంటె మండించినది ఐదురెట్లు విలువైనదని నిర్ణయించిన సంతలో, మండించు సరకే వచ్చి పడుటలో వింత యేమున్నది? డొనాల్డ్ ట్రంప్ ప్రత్యర్థులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఎకసెక్కపు పేరు తగిలించి, ట్విట్టరును ఊతగా గొని అధ్యక్ష పదవి నధిష్ఠించినప్పుడు ప్రపంచమందలి చిన్న పెద్ద నాయకులెల్లరు ఆ పాఠమును శ్రద్ధగా నేర్చుకొనిరి. 2021 జనవరి 8న ఆ సంస్థ అతని ఖాతాను మూసివేసినప్పటికి పాఠము చెప్పుట పూర్తియైపోయినది.

ఇక మన భాష సంగతి. తెలుగునందు ఒకనిని అవమానించుటకు బూతు అక్కరలేదు. ‘గారు’ తీసివేసిన చాలును. వాడు, అతడు, ఆయన, వారు అని మనకు మెట్లు కట్టియున్నవి. మీరు నుండి నీవునకు, నీవు నుండి ఒరేకు దిగుటలో ఎంత దూరమున్నదో పల్లెటూరి పసివానికిని తెలియును. ఆంగ్లమున అధ్యక్షుడైనను అంగడివాడైనను సర్వనామము ఒక్కటే గనుక, అక్కడ అవమానము విశేషణములమీద ఆధారపడవలసియున్నది. ఇక్కడ క్రియాపదము తోకలోనే దానిని దాచవచ్చును. ‘ముఖ్యమంత్రి వచ్చినాడు, ఏదో వాగినాడు, పోయినాడు’ అను వాక్యమున నిఘంటువు నిషేధించిన మాట ఒక్కటియు లేదు. ఐనను అది విన్నవాని చెవిలో కారము పోసినట్లుండును. చెడ్డమాటల పట్టిక ముందుంచుకొని జల్లెడ పట్టు యంత్రమునకు ఈ కారము ఎట్లు తెలియును?

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. తెలంగాణమున ‘సార్ వచ్చిండు’, ‘మా బాపు చెప్పిండు’ అనుట మర్యాదకు లోపము కాదు; అది ఆ నేల నుడికారము. కోస్తా చెవితో విని దానిని ఏకవచనపు అమర్యాదగా లెక్కించిన పత్రికా రచయితలను నేనెరుగుదును. అట్లే ఎకసెక్కము, సామెత, మొరటు చమత్కారము అన్ని ప్రాంతముల పల్లె రచ్చబండల మీదను నిత్యము వినబడునవే. వానిని అమర్యాదగా పరిగణించి, పట్టణపు చదువరి తన నాజూకుతనమును ఊరిమీద రుద్దుట అన్యాయము. మొరటుతనము వేరు, అవమానము వేరు. ఎదుటివానిని మనిషిగా లెక్కించుచునే మొరటుగా మాటాడవచ్చును. మిక్కిలి నాజూకైన మాటలతోనే అతనిని మనుష్యకోటినుండి వెలివేయవచ్చును.

పూర్వులందరు మృదుభాషులని కూడ నేననను. తిట్టుకవిత్వమునకు మన సాహిత్యమున ఒక పీఠమే కలదు. వేములవాడ భీమకవి పేరు చెప్పిన జనులకు మొదట స్ఫురించునది ఆయన శాపపు పద్యములే. తిరుపతి వేంకటకవులకును కొప్పరపు సోదరకవులకును నడచిన వాగ్యుద్ధములో ఉభయపక్షములవారును ఒకరినొకరు పద్యములతో ఎంత నొప్పించుకొనిరో ఆనాటి పాఠకులకు తెలియును. దేవునినే దెప్పిపొడుచుటకు మనవారు నిందాస్తుతి యను ప్రక్రియను కల్పించుకొనిరి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకము మొదలుకొని కడవరకు శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఎత్తిపొడుచుటయే, ఐనను దానిని భక్తికావ్యముగా చదువుకొనుచున్నాము. వీరిలో ఎవ్వరును చాటునుండి తిట్టలేదు. పద్యము క్రింద పేరుండెను. ఎదుటివాడు ఇంటికి వచ్చి అడిగిన సమాధానము చెప్పుటకు మనిషి యుండెను.

దుర్భాషకు మన పురాణములలో మూర్తీభవించిన ఉదాహరణముగా శిశుపాలుని చెప్పుదుము. రాజసూయమున ధర్మరాజు అగ్రపూజను శ్రీకృష్ణునికి సమర్పించినప్పుడు ఆ చేదిరాజు లేచి పలికిన పలుకులను మరల ఒకసారి చదివి చూడుడు. తిట్లు కలవు, నిజమే. కాని వాని నడుమ ఒక వాదము కూడ కలదు. వయసును బట్టి ఐనచో వసుదేవుడుండగా కొడుకునకేల? ఆచార్యత్వమును బట్టి ఐనచో ద్రోణుడుండగా ఇతనికేల? ఋత్విజునిగా ఐనచో వ్యాసుడుండగా ఇతనికేల? రాజు కాని వానికి రాజుల సభలో ఈ పూజ యేల? ఇవి ఎవరైనను అడుగదగిన ప్రశ్నలే. భీష్ముడు వానికి సమాధానము చెప్పవలసివచ్చినది. శిశుపాలుడు సభ నడుమ, తన పేర, తన నోట, ఎదుటివాని ముఖము చూచుచు మాటాడెను. ఫలితమును తానే అనుభవించెను. నేటి నాయకుని పోస్టును శిశుపాలుని ప్రసంగము పక్కన పెట్టి చూచినచో, ఆ చేదిరాజునకు అన్యాయము చేయుచున్నామేమో యని నాకు సందేహము కలుగుచున్నది.

ఘాటైన విమర్శకు మన పార్లమెంటు చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము 1963 నాటిది. ఫరూఖాబాదు ఉపయెన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగిడిన రామమనోహర్ లోహియా, ప్రధానమంత్రి నిమిత్తము దినమునకు 25 వేల రూపాయలు వ్యయమగుచుండగా ఈ దేశమున కోట్లాది ప్రజలు దినమునకు మూడణాలతో బ్రతుకుచున్నారని నెహ్రూను ముఖాముఖి నిలదీసెను. మూడు కాదు, పదునైదణాలని ప్రభుత్వపక్షము బదులు చెప్పెను. మూడా, పదునైదా యని సభయు, పత్రికలును, ఆర్థికశాస్త్రవేత్తలును తలలు బద్దలుకొట్టుకొనిరి. ఆ మాట నెహ్రూను ఎంత గాయపరచియుండునో ఊహింపవచ్చును. ఏ బూతు ఆ పని చేయగలదు? ఇదే లోహియా అనంతరకాలమున ఇందిరాగాంధీని ‘గూంగీ గుడియా’, అనగా మూగబొమ్మ, అని ఎద్దేవ చేసినట్లు ప్రసిద్ధి. అదియు నిలిచినది, కాని ఎట్లు? ఆమె తరువాత ఏమి చేసెనో చూచి అనినవారే నవ్వుల పాలగుటకు నిలిచినది. మూడణాల లెక్క మాత్రము దారిద్ర్యరేఖను గూర్చి మాటాడునప్పుడెల్ల నేటికిని ప్రస్తావనకు వచ్చుచునే యున్నది.

చట్టసభలలో నోరు జారినచో దిద్దుటకు ఒక ఏర్పాటు కలదు. లోక్‌సభ నిబంధనలలో 380వది, పరువునష్టకరములు, అసభ్యములు, సభామర్యాదకు విరుద్ధములు అగు మాటలను రికార్డులనుండి తొలగించుటకు స్పీకరునకు అధికారమిచ్చుచున్నది. అట్టి పదములను ఏర్చికూర్చి 1999లో లోక్‌సభ సచివాలయము ప్రచురించిన గ్రంథము సుమారు 900 పుటలకు పెరిగినదనగా, మన ప్రతినిధుల పదసంపద ఎంతటిదో గ్రహింపవచ్చును. ఒకప్పుడు ఈ తొలగింపునకు పదునుండెడిది. బీహారు శాసనసభలో 1957 మేలో తొలగింపబడిన ప్రసంగ భాగమును ‘సర్చ్‌లైట్’ పత్రిక ప్రకటింపగా, సభ దానిని హక్కుల ఉల్లంఘనగా పరిగణించెను. సంపాదకుడు సుప్రీంకోర్టుకు పోగా, 1958 డిసెంబరులో న్యాయస్థానమును సభ పక్షమునే నిలిచెను. నేడో? సభ ప్రత్యక్షప్రసారమగుచుండగనే ఆ తునక లక్షల ఫోన్లకు చేరును. సాయంకాలమునకు స్పీకరు దానిని తొలగించినట్లు ప్రకటించును. ‘తొలగించిన మాట ఇదే’ అను శీర్షికతో రాత్రికి అది మరింత విరివిగా తిరుగును. తొలగింపే ప్రకటనయైనది.

మన రెండు రాష్ట్రముల సంగతి చెప్పక ఇంతసేపు లోకమంతయు తిరిగితినని పాఠకులు అనుకొనుచుందురు. ‘పప్పు’, ‘సైకో’, ‘దత్తపుత్రుడు’, ‘సన్నాసి’, ‘దద్దమ్మ’: ఈ పదములలో ఏది ఎవరు ఎవరిని అనిరో నేను చెప్పనక్కరలేదు, రంగు చెప్పినచో పదము, పదము చెప్పినచో రంగు మీకే స్ఫురించును. ఇవి వేదికలపై పుట్టి, మీమ్‌లుగా పెరిగి, చివరకు పేర్లుగా స్థిరపడినవి. దీనికంటె హృదయవిదారకమైనది, ఈ యుద్ధము పురుషుల మధ్య జరుగుచుండగా గాయములు స్త్రీలకు తగులుట. మన తిట్లలో చాల వరకు తిట్టబడువానివి కావు. వాని తల్లివి, ఆలివి. ఆ పాత అలవాటు క్రొత్త యంత్రమునకు యథాతథముగా సంక్రమించినది. 2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తన భార్యను గూర్చి అనుచితముగా మాటాడిరని ఆరోపించి, ముఖ్యమంత్రిగా తప్ప మరల ఆ సభలో అడుగిడనని చెప్పి చంద్రబాబునాయుడు వెడలిపోయెను. పిదప పత్రికలవారి ఎదుట కంటతడి పెట్టెను. అధికారపక్షమువారు తామట్లు అనలేదనిరి. 2025 ఏప్రిల్‌లో జగన్మోహనరెడ్డి భార్యను గూర్చి ఒక యూట్యూబ్ ఛానెలులో నీచముగా మాటాడిన తెలుగుదేశం కార్యకర్తను ఆ పార్టీయే సస్పెండు చేయగా పోలీసులు అరెస్టు చేసిరి. ఈ రెండు ఘట్టముల నడుమ ప్రభుత్వము మారినది, పాత్రలు తారుమారైనవి. లక్ష్యము మాత్రము ఇంటి ఇల్లాలే.

తెలంగాణమున 2024 సెప్టెంబరు చివర మంత్రి కొండా సురేఖ, ఒక బహిరంగ కార్యక్రమమున ఒక పార్లమెంటు సభ్యుడు తనకు దండ వేసిన ఫోటోను వక్రించి ట్రోల్ చేసిరని కన్నీరు పెట్టుకొనిరి. వినినవారికి కడుపు తరుగుకొనిపోయినది. కొలది దినములకే, అక్టోబరు 2న, ప్రత్యర్థి పార్టీ నాయకుని విమర్శింపబూని ఆమె ఒక ప్రసిద్ధ నటి వైవాహిక జీవితమును బజారున పెట్టిరి. మరునాడు ఎక్స్‌లో ఆ మాటలను ఉపసంహరించుకొనిరి. ఆ నటి మాజీ మామగారైన నటుడు నాగార్జున నాంపల్లి న్యాయస్థానములో పరువునష్టపు ఫిర్యాదు వేసెను. తనకు తగిలిన గాయమే సాటి స్త్రీకి తగిలించుట ఎట్లు సాధ్యమైనదని చాలమంది ఆశ్చర్యపడిరి. నాకు ఆశ్చర్యము కలుగలేదు. ఎదుటివారిని నొప్పించుట తప్ప వేరొక వాదన పద్ధతి వాడుకలో లేని చోట, నొచ్చినవారును చేతికందిన ఆ ఆయుధమునే ఎత్తుదురు. 2019 లోక్‌సభ ఎన్నికల కాలమున దేశములోని 95 మంది మహిళా రాజకీయ నాయకులను ఉద్దేశించి వచ్చిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ సంస్థ పరిశీలింపగా, అందు 13.8 శాతము, అనగా ఏడింట ఒకటి, దూషణమో దూషణమునకు దగ్గరిదో అని తేలినది. రాజకీయములలో అడుగిడదలచిన ఒక చదువుకొన్న పల్లెటూరి పిల్ల ఆ ఏడవ ట్వీటును చదివి ఏమనుకొనును?

మరి చట్టము లేదా యని అడుగవచ్చును. ఉన్నది, కావలసినదానికంటె ఎక్కువ యున్నది. పూర్వము సమాచార సాంకేతిక చట్టమున 66ఏ అను సెక్షను ఉండెడిది. ‘చికాకు’, ‘అసౌకర్యము’ కలిగించు సందేశమునకును మూడేండ్ల వరకు శిక్ష. 2012లో ముంబై బందును గూర్చి ఫేస్‌బుక్‌లో ఒక మాట వ్రాసిన యువతిని, దానిని మెచ్చిన వేరొక యువతిని అరెస్టు చేయుటతో దాని స్వరూపము బయటపడినది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో, కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌లతో కూడిన ధర్మాసనము ఆ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అది మంచి తీర్పు. ఐనను చట్టము తన చేతిని ముడుచుకొనలేదు. క్రొత్త న్యాయ సంహితలోని సెక్షన్లతో అదే పని సాగుచున్నది. 2025 మార్చిలో హైదరాబాదునందు, ఒక వృద్ధుడు ముఖ్యమంత్రిని దూషించిన వీడియోను ప్రసారము చేసినందుకు ఇద్దరు మహిళా విలేకరులు అరెస్టయిరి. తరువాతి కొలది దినములలో శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, అట్టి వారిని బట్టలూడదీసి వీథులలో త్రిప్పుదుమను ధోరణిలో మాటాడెను. దుర్భాషను ప్రసారము చేసినవారు జైలులో. దానికి జవాబుగా పలికిన ఈ మాట సభా రక్షణలో. అదే సంవత్సరము జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సోషల్ మీడియా కేసులలో యాంత్రికముగా రిమాండు విధింపవలదని మేజిస్ట్రేటులకు సర్క్యులరు పంపవలసివచ్చినది. సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, రాజకీయ విమర్శ పరుషమైనంత మాత్రమున కేసు కట్టరాదని పోలీసులకు మార్గదర్శకములను నిర్దేశింపవలసివచ్చినది. వల చిన్న చేపలకే గాని తిమింగిలములకు కాదని దీని తాత్పర్యము.

తిమింగిలముల విషయమున చట్టము ఏమనుచున్నదో అదియు చూతము. ఒక రాష్ట్రమంత్రి అత్యాచార బాధితులను గూర్చి అనుచితముగా మాటాడిన వ్యవహారమున, 2023 జనవరి 3న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, మంత్రి మాటను ప్రభుత్వపు మాటగా పరిగణించి ప్రభుత్వమును బాధ్యునిగా చేయ వీలులేదనియు, రాజ్యాంగపు 19(2) అధికరణమున చెప్పిన పరిమితులకు మించి వాక్స్వాతంత్ర్యమునకు క్రొత్త సంకెళ్ళు వేయజాలమనియు అధికసంఖ్యాక నిర్ణయము వెలువరించినది. భిన్నాభిప్రాయము వ్రాసిన జస్టిస్ నాగరత్న, తమ మంత్రుల నోళ్ళను అదుపు చేయు ప్రవర్తనా నియమావళిని పార్టీలే వ్రాసికొనవలెనని సూచించిరి. ప్రజాప్రాతినిధ్య చట్టపు 123(4) సెక్షను అభ్యర్థి వ్యక్తిగత శీలముపై అబద్ధపు ప్రకటనను అవినీతి చర్యగా పేర్కొన్నది. కాని ‘సన్నాసి’ అనుట నిజమో అబద్ధమో ఏ న్యాయమూర్తి తేల్చగలడు? 1960లో కేరళలో పుట్టిన ఎన్నికల ప్రవర్తనా నియమావళి, విమర్శ విధానములకును గతచరిత్రకును పరిమితము కావలెననియు, ప్రజాజీవితముతో సంబంధము లేని వ్యక్తిగత విషయముల జోలికి పోరాదనియు స్పష్టముగా చెప్పుచున్నది. 2024 మే 1న కేసీఆర్‌ను 48 గంటలు ప్రచారమునకు దూరముగా నుంచినది ఈ నియమావళి బలముననే. అంతకు ముందు 2019లో యోగి ఆదిత్యనాథ్, మాయావతి, ఆజంఖాన్, మేనకా గాంధీలకును ఇట్టి శిక్షయే పడినది. రెండు మూడు దినముల మౌనవ్రతమువలన ఎవరి నాలుక మారినదో నేనెరుగను. ఎన్నికలు ముగిసిన మరునాటినుండి నియమావళియు నిద్రపోవును.

నేను క్రొత్త చట్టము కోరుటలేదు. క్రొత్త చట్టము వచ్చినచో మొదట దాని వాతబడువాడు మా బంధువుల పిల్లవాడే గాని వానికి ఫోను చేసి మెచ్చుకొన్న నాయకుడు కాడు. నేను కోరునది మిక్కిలి స్వల్పము: నాయకుని పేరుగల ఖాతానుండి వెలువడిన ప్రతి అక్షరమును నాయకుని అక్షరముగనే ఓటరు లెక్కింపవలెను. ‘మా అడ్మిన్ పెట్టినాడు’, ‘అభిమానులు చేసినారు’, ‘ఖాతా హ్యాక్ అయినది’ అను మాటలను, అద్దెకు తీసికొన్న నోటితో తిట్టించి అద్దె రసీదు చూపుటగా పరిగణింపవలెను.

ఈ కోరిక నా స్వకపోలకల్పితము కాదు. 2013 అక్టోబరు 25న ఎన్నికల సంఘము జారీ చేసిన ఉత్తరువు ననుసరించి, అభ్యర్థి నామినేషనుతో సమర్పించు 26వ నమూనా అఫిడవిట్‌లో తన ఫోను నంబరు, ఈమెయిలులతోపాటు తన సామాజిక మాధ్యమ ఖాతాలను కూడ తానే వ్రాసి, ప్రమాణము చేసి, సంతకము పెట్టవలయును. అందు తప్పు వ్రాసినచో ఆరు మాసముల వరకు శిక్ష కలదు. అప్పులు, ఆస్తులు, కేసులు వ్రాసిన ఆ కాగితము మీదనే, మీ శాసనసభ్యుని ఖాతా పేరు కూడ ఉన్నది. ఎన్నికల సంఘము వెబ్‌సైటులో ఎవరైనను తెరచి చూచుకొనవచ్చును.